పాత గట్టుకు కొత్త సొరుగులు

వంటింటిని కూల్చి కట్టక్కర్లేదు. అరల పెట్టె గట్టిగా ఉంటే తలుపులు మార్చి, సొరుగులు పెట్టిస్తే చాలు. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియడమే అసలు సంగతి

వంటగట్టు కింద అరలోంచి కుక్కరు తీయాలంటే ముందు వంగాలి. ఆ తర్వాత గొంతుక్కూర్చోవాలి. ముందు వరుసలోని గిన్నెలు నాలుగు బయటపెడితే తప్ప వెనకున్నది చేతికందదు. వంటయ్యాక ఇదే కసరత్తు మళ్లీ మొదలు. దేశంలో లక్షలాది మధ్యతరగతి ఇళ్లలో పూటపూటా సాగే తంతు ఇది. దీనికి తోడు బందులు వదులై తలుపు కిందికి జారుతుంది. సన్‌మైకా అంచు లేచి చీరకు పట్టుకుంటుంది. సింకు కింద చెక్క ఉబ్బి నల్లబడుతుంది. అప్పుడు ఇంట్లో అందరికీ తోచే పరిష్కారం ఒక్కటే: మొత్తం పీకేసి మాడ్యులర్ కిచెన్ పెట్టించుకోవడం. షోరూముకు వెళ్లి అంచనా వేయించుకున్నాక చాలామంది ఆ ఆలోచనను మరో రెండేళ్లు వాయిదా వేస్తారు. కుక్కరు మాత్రం వెనక వరుసలోనే ఉంటుంది.

నిజానికి ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉంది. ఇంటి వడ్రంగి ఏనాడో చేసిన అరల్లో పాడయ్యేది చాలావరకు ముందు భాగమే. తలుపులు, బందులు, అంచులు పోతాయి. లోపలి పెట్టె, గోడలు, పైనున్న బండ ఇంకా దశాబ్దాలు నిలిచేలా ఉంటాయి. ఆ పెట్టెను ఉంచేసి తలుపులు మార్చి, అరల స్థానంలో సొరుగులు పెట్టించుకుంటే కొత్త వంటింటి సౌకర్యంలో సింహభాగం దక్కుతుంది. గట్టు పగలదు, టైల్స్ ఊడవు, నీళ్ల పైపులు కదలవు. వంట ఆగేది నెలలపాటు కాదు, రోజుల లెక్కన.

నేల నుంచి గట్టు మీదికి

ఈ అరల వయసు మరీ ఎక్కువేమీ కాదు. మన ఇళ్లలో వంట తరతరాలుగా నేల మీద, పొయ్యి ముందు కూర్చుని సాగింది. నిలబడి వండే అలవాటును ఇంటింటికీ తెచ్చింది ముఖ్యంగా గ్యాసు పొయ్యి. ఇండేన్ తొలి కనెక్షన్ 1965 అక్టోబర్‌లో కోల్‌కతాలో ఇచ్చారు. సిలిండరు కంటే పొయ్యి ఎత్తులో ఉండాలి కాబట్టి గట్టు తప్పనిసరైంది. గట్టు వచ్చాక దాని కింద ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోకి సామాను చేరింది, సామాను కనిపించకుండా తలుపులు వచ్చాయి. అంటే వాటిని ఎవరూ వంట చేసే మనిషి కదలికను చూసి రూపొందించలేదు. మిగిలిన చోటును మూసేందుకే చేశారు.

తెలుగునాట ఆ ఖాళీని పంచింది కడప బండ. ఇటుక గోడల మీద నల్లటి కడప పలకను పరిచి, నడుమ మరో పలకను అరగా దూర్చేవారు. చెద పట్టదు, నీటికి చివకదు, ధర తక్కువ. చెన్నై నుంచి ముంబై దాకా వంటింటి అరలకు ఇదే రాయి వెళ్లింది. ముంబై మేస్త్రీల నోట ఆ రాయి పేరే కడప్పా. ఉత్తరాదిన ఆ పని కోటా రాయి చేసింది. ఆ రాతి అరలకు టేకో మద్దో చెక్కతో చట్రం బిగించి, ప్లైవుడ్ తలుపులు పెట్టి, సన్‌మైకా అంటించడం వడ్రంగి వంతు. ఒక కంపెనీ లామినేట్ పేరైన సన్‌మైకా ఆ సరుకుకే పేరుగా స్థిరపడింది.

వంటింటిని పని జరిగే చోటుగా చూసి గీసిన తొలి ప్రసిద్ధ నమూనా జర్మనీలో పుట్టింది. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాల కోసం 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న చిన్న గదిని రూపొందించారు. సుమారు 10,000 ఇళ్లలో దాన్ని అమర్చారు. పప్పు, పిండి వంటి వాటికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు అందులో ప్రత్యేకం. మనిషి వస్తువు దగ్గరికి వంగి వెళ్లడం కాదు, వస్తువే మనిషి దగ్గరికి రావాలన్నది ఆ సొరుగుల సారాంశం. మాడ్యులర్ కిచెన్ల పేరుతో నేడు అమ్ముతున్నదీ ప్రధానంగా ఈ సౌకర్యమే. పాత గట్టు కింద కూడా దాన్ని సాధించుకోవచ్చు.

ముందు పెట్టెకు పరీక్ష

పని మొదలెట్టే ముందు అరలన్నీ ఖాళీ చేసి, టార్చిలైటు పట్టుకుని లోపలికి చూడాలి. స్క్రూడ్రైవర్ మొనతో చెక్కను అడుగు భాగంలో, వెనక మూలల్లో గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగబడితే ఆ పలక పని అయిపోయినట్లే. ప్లైవుడ్‌ను తడితే డొల్ల శబ్దం వస్తోందంటే పొరలు విడిపోయాయని అర్థం. గోడ వెంట మట్టి గీతలు కనిపిస్తే చెద ఉంది. చెదను వదిలించకుండా కొత్త చెక్క పెట్టడమంటే దానికి విందు పెట్టడమే. కట్టిన ఇళ్లలో చెద నివారణ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం. ఆ పని చేసేవారు దాని ప్రకారం చేస్తారో లేదో ముందే అడగాలి.

రాతి అరలకు ఈ బెంగ లేదు. వాటితో చిక్కు వేరు. మేస్త్రీ కట్టిన గోడ నిలువు తప్పి ఉంటుంది. పైన 24 అంగుళాలున్న అర కింద 23 ఉండొచ్చు. వెనక గోడ ప్లాస్టరింగ్ ఉబ్బెత్తుగా ఉండొచ్చు. అందుకే ప్రతి అరకూ వెడల్పును పైన, నడుమ, కింద మూడుచోట్ల కొలవాలి. ఎత్తును రెండు పక్కలా, లోతును రెండు మూలల్లో చూడాలి. వచ్చిన కొలతల్లో చిన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. కర్ణాలు రెండూ సమానంగా ఉంటేనే అర మూలమట్టానికి ఉన్నట్లు. సొరుగు బిగుసుకుపోవడానికీ, తలుపులు వంకరగా కనిపించడానికీ మూలం తరచూ ఈ కొలతల్లోనే ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. అడ్డంగా ఉన్న నడిమి పలకను తీసేయొచ్చేమో గానీ, నిలువు గోడలను ఎట్టి పరిస్థితుల్లోనూ కదపకూడదు. పైనున్న బండ బరువంతా వాటి మీదే ఉంటుంది. పైబండ అతుకు కూడా ఎక్కువగా ఏదో ఒక గోడ మీదే కలుస్తుంది. నడిమి పలకను సుత్తితో కొట్టి పీకితే ఆ అదురుకు గ్రానైటు పగిలే ప్రమాదం ఉంది. పలకను కోసి తీయాలి. లేదంటే అలాగే ఉంచి, దాని పైన ఒకటి, కింద ఒకటి సొరుగు పెట్టుకోవచ్చు.

తలుపు: లోపలికా, మీదికా?

పాత తలుపులు ఎక్కువగా చట్రం లోపల కూర్చునేవి. చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటే తప్ప అవి తెరుచుకోవు. చట్రం ఏమాత్రం వంకరున్నా ఆ సందు కళ్లకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. వానాకాలం చెక్క ఉబ్బితే తలుపు పట్టేస్తుంది. అందుకే పాత పెట్టెలకు చట్రం మీద కప్పుకునే తలుపులే మేలు. తెరిచే జాగాకు ఒక్కో పక్క 15 మిల్లీమీటర్ల చొప్పున తలుపు ఎక్కువ ఉంటే చట్రం వంకరలన్నీ దాని వెనక దాగిపోతాయి. జంట తలుపుల నడుమ 3 మిల్లీమీటర్లు వదిలితే చాలు.

ఈ తలుపులకు పాత మడతబందులు కుదరవు. తలుపు వెనక 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటలో కూర్చునే దాపు బందులు కావాలి. వీటిని బజార్లో సున్నా, ఎనిమిది, పదహారు క్రాంక్ అని అడుగుతారు. సున్నా క్రాంక్ పక్క పలకను పూర్తిగా కప్పే తలుపుకు, ఎనిమిది ఒకే పలకను పక్కపక్క తలుపులు సగం సగం పంచుకునేచోట, పదహారు చట్రం లోపల కూర్చునే తలుపుకు. ఏది కావాలో తేల్చుకోకుండా డజను బందులు కొనుక్కొస్తే మళ్లీ దుకాణానికి తిరగాల్సిందే. మామూలు ఎత్తు తలుపుకు రెండు చాలు. మూడడుగులు దాటితే మూడు పెట్టాలి. ఈ బందుల్లోని అసలు సుగుణం నెమ్మదిగా మూసుకోవడం కాదు. పక్కకు, ముందుకు, పైకి తలుపును సరిచేసే మరలు వాటిలోనే ఉంటాయి. ఏడాది తర్వాత తలుపు జారినా స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల్లో సరిదిద్దుకోవచ్చు.

తలుపు మందం 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గుంట దాదాపు 12 మిల్లీమీటర్ల లోతు దిగుతుంది మరి. లామినేట్ విషయంలో ఖర్చు తగ్గించుకోబోయి చేసే పొరపాటు ఒకటుంది. పైవైపు మాత్రమే షీటు అంటించి, లోపలివైపు రంగు వేసి వదిలేస్తారు. ఒకవైపు తేమ ఆగి, మరోవైపు ఆగకపోవడంతో తలుపు విల్లులా వంగుతుంది. లోపలికి చవకైన పలచటి లామినేటైనా సరే, రెండువైపులా అంటించాల్సిందే. నాలుగు అంచులకూ పట్టీ వేయాలి. ఎవరూ చూడరని కింది అంచును వదిలేస్తారు గానీ, ఇల్లు కడిగినప్పుడు ముందు నీళ్లు పీల్చేది అదే.

ప్లైవుడ్ ఎంత కావాలో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. 8 అడుగులు, 4 అడుగుల షీటులో 18 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తున్న తలుపులు ఆరు వస్తాయి. రంపం తినేది పోను పక్కన పదకొండున్నర అంగుళాలకు పైగా వెడల్పున్న ఎనిమిదడుగుల పట్టీ మిగులుతుంది. అది సొరుగుల ముఖాలకు పనికొస్తుంది. అంటే 12 తలుపుల వంటింటికి రెండు షీట్లు. మూడోది కావాలని వడ్రంగి అంటే ఎందుకో కాగితం మీద గీసి చూపించమనడం తప్పేమీ కాదు.

సొరుగు: అంగుళాల లెక్క

అసలు మార్పు తలుపుల్లో లేదు, సొరుగుల్లో ఉంది. రెండడుగుల లోతున్న అరలో సులువుగా అందేది ముందు సగమే. సొరుగు లాగితే వెనక భాగం కూడా కళ్లెదుటికి వస్తుంది. అందుకు బాల్ బేరింగులున్న టెలిస్కోపిక్ ఛానళ్లు వాడాలి. పాత రోలర్ ఛానళ్లు సొరుగును పూర్తిగా బయటికి రానివ్వవు. ఛానళ్లు అంగుళాల్లో దొరుకుతాయి. రెండడుగుల గట్టుకు పైబండ ముందుకు చొచ్చిన భాగం, వెనక గోడ వంకర, పైపులు పోను 20 అంగుళాలది సాధారణంగా సరిపోతుంది. ఒక్కో జత ఎంత బరువు మోస్తుందో పెట్టె మీద రాసి ఉంటుంది. మామూలుగా అది 35 నుంచి 45 కిలోలు.

సొరుగు జాగాను తింటుందన్నది మాత్రం నిజం. రాతి గోడకు ఛానల్‌ను నేరుగా బిగించడం కుదరని పని. ముందు ప్లైవుడ్ పలకలతో లోపల ఒక పెట్టె నిలబెట్టాలి. 24 అంగుళాల అర అంటే 610 మిల్లీమీటర్లు. పక్క పలకలు రెండూ 18 చొప్పున 36 తీసుకుంటాయి. ఛానళ్లు 13 చొప్పున 26, సొరుగు గోడలు 12 చొప్పున 24. చివరికి మిగిలేది 524. అంటే దాదాపు ఏడో వంతు పోయింది. రెండడుగుల అరలో ఈ నష్టం భరించొచ్చు. అడుగు వెడల్పు అరలోనూ పోయేది అదే 86 మిల్లీమీటర్లు. అక్కడది పావు వంతును మించుతుంది. అందుకే సన్నటి అరలో సొరుగుల వరస కన్నా నూనె సీసాలకు నిలువు ట్రాలీయో, పళ్లేలూ అట్లపెనమూ నిలబెట్టే మామూలు అరో నయం. అన్ని అరలనూ సొరుగులు చేయించాలన్న నియమం ఏదీ లేదు.

గట్టు కింద మిగిలే 27 అంగుళాల ఎత్తును మూడు భాగాలు చేస్తే పైన 6, నడుమ 9, కింద 12 అంగుళాల ముఖాలు వస్తాయి. పై సొరుగులో గరిటెలు, చెంచాలు, పోపుల పెట్టె. నడుమ రోజువారీ గిన్నెలు, మూతలు. అడుగున కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, పప్పుల డబ్బాలు. సొరుగు అడుగు పలక దగ్గర లోభించకూడదు. 4 మిల్లీమీటర్ల పలకను మేకులతో కొడితే స్టీలు డబ్బాల బరువుకు నెలల్లో కిందికి జారుతుంది. కింది సొరుగుకు 9 మిల్లీమీటర్ల పలక కావాలి, అదీ పక్క గోడల గాడిలో కూర్చోవాలి. గ్రైండరు వంటి బరువుల్ని సొరుగులో పెట్టకపోవడమే మంచిది. వాటి చోటు గట్టు మీదే.

పాత తలుపులు బాగానే ఉంటే వాటిని అలాగే ఉంచి, లోపల మాత్రం లాగుడు ట్రేలు పెట్టించుకోవచ్చు. ఖర్చు ఇంకా తగ్గుతుంది. కానీ ఒక మెలిక ఉంది. తలుపు తెరిచినా దాని మందం, బందు కొంత దారికి అడ్డం వస్తాయి. ట్రే వాటికి తగలకుండా బందులున్న పక్క ఛానల్ వెనక చెక్క దిమ్మ వేసి లోపలికి జరపాలి. ఈ దిమ్మ మరిచిపోతే ట్రే లాగిన ప్రతిసారీ తలుపును గీరుతుంది.

తడి గిన్నెలు మన వంటింటి వాస్తవం. కడిగి, పూర్తిగా ఆరకముందే లోపల పెట్టేస్తాం. అలాంటి చోట చెక్క సొరుగు కంటే స్టీలు తీగల బుట్ట మేలు. దాన్ని కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడమని సలహా ఇస్తుంటారు. అది అరకొర పరీక్ష. 304 రకం స్టీలు, చవకైన 202 రకం స్టీలు రెండూ సాధారణంగా అయస్కాంతానికి అంటుకోవు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకం విశాఖ, కాకినాడ, చెన్నై వంటి ఉప్పుగాలి ఊళ్లలో త్వరగా తుప్పు పడుతుంది. ఏ రకమో బిల్లు మీద రాయించుకోవడమే దారి.

చెక్క మీద ముద్ర

ఏ దుకాణంలో అడిగినా ప్లైవుడ్ వాటర్‌ప్రూఫ్ అనే అంటారు. ఆ మాటకు విలువ లేదు, ప్రమాణానికి ఉంది. ఐఎస్ 303 కింద రెండు రకాలున్నాయి. తేమను మాత్రమే తట్టుకునే ఎంఆర్ ఒకటి, మరిగే నీటిని కొంత తట్టుకునే బీడబ్ల్యూఆర్ రెండోది. పడవల స్థాయి మెరైన్ ప్లైవుడ్‌కు ప్రమాణం ఐఎస్ 710. పరీక్షల్లో బీడబ్ల్యూఆర్ బంక 8 గంటలు మరిగే నీటిలో నిలవాలి. మెరైన్ రకం 72 గంటలు నిలవాలి. వంటింట్లో తలుపులకు, సొరుగులకు బీడబ్ల్యూఆర్ చాలు. సింకు అరకు మెరైన్ కావాలి. ఎంఆర్ రకాన్ని పడగ్గదికి వదిలేయాలి. ఐఎస్ఐ ముద్ర పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

ప్లైవుడ్ ఎక్కడినుంచి వస్తోందన్నదీ ఆసక్తికరమే. ఒకప్పుడు అది ప్రధానంగా ఈశాన్య అడవుల చెట్టు. 1996 డిసెంబర్ 12న టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అక్కడి నరికివేతకు, కలప రవాణాకు కళ్లెం వేసింది. మిల్లులు మూతపడ్డాయి. పరిశ్రమ హర్యానాలోని యమునానగర్ వైపు, కేరళలోని పెరుంబావూరు వైపు బలపడింది. అక్కడ ముడిసరుకు అడవి చెట్టు కాదు. రైతు పొలంలో పెంచిన పోప్లార్, యూకలిప్టస్, కాలం తీరిన రబ్బరు చెట్టు. త్వరగా పెరిగే ఈ మెత్తని కలప చెడ్డదేమీ కాదు. కాకపోతే దాని మన్నిక చెట్టు పేరు కంటే బంక మీద, ఒత్తి అతికించిన తీరు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ముద్ర చూడమనేది అందుకే.

ఆ బంకలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా తేల్చింది. భయపడి పని మానుకోనవసరం లేదు. తక్కువ వాయువు వెలువరించే ఈ1, ఈ0 రకాలు మార్కెట్లో దొరుకుతాయి. కోసిన ప్రతి అంచునూ మూయించడం, పని ముగిశాక కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచడం మన చేతుల్లో ఉన్న జాగ్రత్తలు.

ఎండీఎఫ్ పలక నునుపుగా ఉంటుంది, రంగుకు బాగుంటుంది. కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ తగ్గదు. పీవీసీ ఫోమ్ బోర్డుకు నీళ్లన్నా చెదన్నా లెక్కలేదు. అయితే స్క్రూ పట్టు తక్కువ, పొయ్యి వేడికి మెత్తబడుతుంది. కాబట్టి దాన్ని సింకు కిందికి పరిమితం చేయడం తెలివైన పని. ఏ చెక్కైనా నేలను తాకకూడదు. మనం ఇల్లు నీళ్లతో కడుగుతాం. కింద నాలుగంగుళాల ఎత్తున గ్రానైటు లేదా అల్యూమినియం పట్టీ ఉంటే పై చెక్క బతుకుతుంది.

ఒక అర జోలికి వెళ్లొద్దు

అందం కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే చోటు ఒకటుంది. అది సిలిండరు అర. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే నేల మట్టానికి దిగి, మూసిన అరలో పేరుకుంటుంది. వాసన కోసం కలిపే మెర్కాప్టన్ కూడా తలుపు వెనకే ఉండిపోతుంది. అందుకని ఆ అరకు బిగుతైన తలుపు పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే నేల మట్టంలోనూ, పైనా గాలి ఆడే కంతలు ఉండాలి. సిలిండరు నిలువుగా, రెగ్యులేటరు చేతికందేలా ఉండాలి. గొట్టం కనిపిస్తూ ఉండాలి. సురక్షా గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి. సొరుగు వెనక నుంచి, దాని రాపిడి తగిలేలా గొట్టాన్ని తీసుకెళ్లడం ప్రమాదం. పక్క అరలో సొరుగు పెట్టించేటప్పుడు గొట్టం దారి ఎటో ముందే చూసుకోవాలి. డ్రిల్లింగ్ చేసే రోజున సిలిండరు వంటింటి బయటే ఉండాలి.

చేతిపనికి చోటు

పనిని రెండుగా పంచడం నేటి నగరాల్లో సాధ్యమే. తలుపుల్ని కొలతలిచ్చి యంత్రం మీద కోయించి, అంచు పట్టీలు వేడి బంకతో అతికించి తెప్పించుకోవచ్చు. బందుల గుంటలు కూడా అక్కడే తొలిపిస్తారు. బిగించేది మాత్రం ఇంటికొచ్చే వడ్రంగి. యంత్రం నిక్కచ్చిగా కోస్తుంది గానీ, నిలువు తప్పిన గోడతో సర్దుకోలేదు. ఆ తెలివి చేతిది. ఎక్కడ చితిక వేయాలో, ఎక్కడ దిమ్మ పెట్టాలో, ఏ తలుపును రెండు మిల్లీమీటర్లు చిత్రిక పట్టాలో అతడే చెప్పగలడు. 2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన తొలి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచినప్పుడు వడ్రంగి పని అయిపోయిందన్న మాట వినిపించింది. పాత ఇళ్లు ఉన్నంతకాలం ఆ మాట చెల్లదు. షోరూము పెట్టెలు చదరపు గోడలకే సరిగ్గా కూర్చుంటాయి. మన గోడలు అలా లేవు.

2023 సెప్టెంబర్ 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం పరిధిలోకి వచ్చిన 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ, పరికరాలకు రూ.15,000, ఆపై 5 శాతం వడ్డీకి తొలుత రూ.లక్ష, తర్వాత రూ.2 లక్షల వరకు రుణం అందులో ఉన్నాయి. 35 మిల్లీమీటర్ల గుంట సరిగ్గా తొలిచే బిట్టు, రంపానికి మంచి గైడు ఉన్న వడ్రంగికీ లేని వడ్రంగికీ ఫలితంలో కనిపించే తేడా చాలా ఎక్కువ. బేరం ఆడే ముందు అతని పనిముట్లను చూడటం, అతడు అంతకుముందు చేసిన సొరుగు ఒకటి లాగి చూడటం మేలు. కూలీని రోజు లెక్కన కాక పని లెక్కన మాట్లాడుకుని, బందుల, ఛానళ్ల రకం కాగితం మీద రాసుకుంటే తర్వాత మాటపట్టింపులుండవు.

డబ్బు తక్కువైతే కోత ఎక్కడ పెట్టాలి? లామినేట్ రంగులో, హ్యాండిళ్లలో, గాజు తలుపుల్లో పెట్టొచ్చు. బందుల్లో, ఛానళ్లలో, సింకు కింద చెక్కలో మాత్రం వద్దు. రోజుకు ఇరవైసార్లు కదిలేది ఇనుమే. అన్నీ ఒకేసారి చేయించక్కర్లేదు కూడా. పొయ్యికి కుడిఎడమల ఉన్న రెండు అరలతో మొదలెట్టి, కొన్నాళ్లు వాడి చూసి, మిగతావి తర్వాత చేయించుకోవచ్చు. షోరూము కిచెన్‌లో ఆ వీలు ఉండదు.

ఈ దారి అందరిదీ కాదు. లోపలి పెట్టె కూడా ఎంఆర్ ప్లైవుడ్‌తో చేసినదై, అడుగు చివికిపోతే దానికి కొత్త తలుపులు పెట్టడం డబ్బు దండగ. గోడలోనే నీళ్లు కారుతుంటే ముందు ప్లంబరును పిలవాలి. గట్టు ఎత్తే సరిపోకపోతే సొరుగులు ఆ నొప్పిని తీర్చవు. వండేవారి మోచేతికి సుమారు నాలుగంగుళాలు కిందుగా గట్టు ఉండాలి. అద్దె ఇంట్లోనైతే గోడలకు మేకు కొట్టకుండా, వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లగల చక్రాల ట్రాలీ ఒకటి చాలు.

కొలత చీటీలో ఉండాల్సినవి

• ప్రతి అర వెడల్పు మూడుచోట్ల, ఎత్తు, లోతు రెండేసి చోట్ల, మిల్లీమీటర్లలో
• తలుపు చట్రం లోపలా, మీదా? బందు ఏ క్రాంక్?
• ఛానల్ పొడవు, మోసే బరువు
• ప్లైవుడ్ ప్రమాణం సంఖ్య, మందం, ఎన్ని షీట్లు
• పైపులు, గ్యాసు గొట్టం, కరెంటు ప్లగ్గులు ఉన్న చోట్లు
• ఏ సొరుగులో ఏం పెడతారు, అందులో అతి ఎత్తైన పాత్ర ఎంత ఎత్తు

చీటీలోని ఆఖరి అంశాన్ని రాయగలిగేది రోజూ వండే మనిషి ఒక్కరే. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనుల్లో పాల్గొనే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషులు 88 నిమిషాలు. 2019లో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో స్త్రీల పని 10 నిమిషాలు తగ్గితే, మగవారిదీ 9 నిమిషాలు తగ్గింది. ఆ సమయమంతా వంటింట్లోనే గడవదు గానీ, అందులో పెద్ద భాగం గట్టు ముందే కరిగిపోతుంది. అయినా వడ్రంగితో మాట్లాడేది, కొలతలు చూసేది, రంగు ఎంచేది చాలా ఇళ్లలో గట్టు ముందు నిలబడని మనిషే. సొరుగు ఎంత ఎత్తులో ఉంటే నడుం వంగనక్కర్లేదో, పోపుల పెట్టె ఏ చేతికి అందాలో, కుక్కరు మూత ఎక్కడ పెట్టాలో టేపు చెప్పదు. టేపు పట్టే ముందు ఆ మాట అడగాల్సింది ఆమెనే.